ఖాళీ డ్రమ్ము, వియ్యంకుడి శాలువా

ఆ రోజుల్లో నేను ఉద్యోగానికి కొత్త. ఈ మాట వినగానే ఏ ఇరవయ్యేళ్ళ పిల్లనో ఊహించుకోకండి. అప్పటికే నాకు అరవై దాటాయి, మెట్లు కనిపిస్తే మోకాళ్ళు మొరాయించేవి, జుట్టుకి రంగు వేసుకోవడం డబ్బు దండగని ఎప్పుడో మానేశాను. కానీ మొదటిసారి మెడలో కార్డు వేలాడేసుకుని, ఎవరో చెప్పిన వేళకి, ఎవరో ఇచ్చే జీతం కోసం వెళ్ళడం మొదలుపెట్టిన మనిషి ఏ వయసులో ఉన్నా కుర్రతనంలో ఉన్నట్టే. తెలిసీ తెలియనితనం, అన్నీ నాకే తెలుసన్న ధీమా, నాకన్నా పెద్దవాళ్ళకి కూడా బుద్ధి చెప్పాలన్న ఉబలాటం, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళకి ఉండేవన్నీ నాకూ ఉండేవి. నన్ను ఐదో తరగతితో బడి మానిపించారు (ఆడపిల్లకి చాకలి పద్దు రాసుకోవడం వస్తే చాలని మా నాన్న అభిప్రాయం). ఆ పద్దు చదువుతోనే నేను కెనడాలో ఉద్యోగం చేశాను. నేను బట్టలు ఉతికిన కాలేజీ ఫుట్‌బాల్ టీము ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ గెలిచిన రోజు నేను చేసిన నిర్వాకం చెబితే ఇప్పటికీ మా ఇంటికి వచ్చినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. వాళ్ళు వెళ్ళిపోయాక కాఫీ గ్లాసులు కడుగుతున్నప్పుడు మాత్రం ఆ నవ్వు నిలవదు.

రెజైనాలో మా అమ్మాయికి గవర్నమెంటు ఉద్యోగం. నాకు పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చి ఇక్కడే ఉండిపోయాక, పొద్దున్నే అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి, మనవరాలు బడికి వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది నేనూ, హీటరు చప్పుడూ. మా బేస్‌మెంటులో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు అద్దెకుండేవాడు. ఊరి చివర ఉన్న చిన్న కాలేజీలో చదువు, సాయంత్రాలు పిజ్జా డెలివరీ. వాళ్ళ ఊళ్ళో బడి టీములో ఫుట్‌బాల్ ఆడినవాడు కాబట్టి, ఒకరోజు కాలేజీ మైదానం పక్కగా పోతూ తన కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చిన బంతిని అలవాటుగా ఒక తన్ను తన్నాడట. అది మైదానం అవతల ఎక్కడో పడింది. అంతే, వాళ్ళ కోచ్ వెంటపడి తీసుకెళ్ళి టీములో చేర్చుకున్నాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని ఒకడు చంకలో పెట్టుకుని పరిగెడతాడు. రిజర్వేషన్ లేని రైలుపెట్టెలోకి ఎక్కేవాళ్ళలా మిగిలినవాళ్ళందరూ అతని మీద పడతారు. లేచి, దుమ్ము దులుపుకుని, బుద్ధిగా వరసలో నిలబడి, మళ్ళీ పడతారు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఆ బంతిని తన్నాల్సిన అవసరం వస్తుంది. ఆ తన్నడానికి ప్రత్యేకంగా ఒక మనిషి. ఆ మనిషి మావాడు. అప్పటినుంచి మా ఇంట్లో అతని పేరు తన్నులబ్బాయి.

ఆ తన్నులబ్బాయి తెల్ల ప్యాంటు ఒకటి బురదకొట్టుకుపోయి, మెషిన్లో ఎన్నిసార్లు వేసినా పచ్చగడ్డి మరకలు పోక, మా గరాజ్‌లో ఓ మూల పడి ఉండేది. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. ఒక శనివారం దాన్ని బకెట్టులో నానబెట్టి, సబ్బు బిళ్ళ బాగా పట్టించి, గరాజ్ మెట్టు మీద వేసి బాదడం మొదలుపెట్టాను. అప్పుడే తన్నులబ్బాయిని కారులో దింపడానికి వచ్చిన వాళ్ళ కోచ్ ఆ చప్పుడు విని, ఎవరినో కొడుతున్నారనుకుని కారు దిగి పరుగెత్తుకొచ్చాడు. పెద్ద మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దే ఉంటాడు. బట్టతల, తెల్ల మీసం, మెడలో తాడుకి ఒక ఈల. ఉతికేది ప్యాంటేనని తెలిసి ఊపిరి పీల్చుకుని, దాన్ని నా చేతిలోంచి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. తన్నులబ్బాయితో ఏదో అన్నాడు.

“అమ్మమ్మా, మా కోచ్ నిన్ను కాలేజీకి రమ్మంటుండు.”

“ఈ వయసులో ఏం చదువుకోను నాయనా.”

“చదువుకు కాదు, ఉతకనీకి. లాండ్రీ చేసేటామె మానేసిందట. జీతం గూడ ఇస్తరట.”

మా అమ్మాయి అభ్యంతరం చెప్పింది. పరువు సంగతి ఎత్తలేదు గానీ, “అమ్మా, అక్కడ నువ్వు అందరినీ తిడతావు” అంది. తిడితే తెలుగులోనే కదా, ఎవరికి అర్థమవుతుందని నేను వెళ్ళిపోయాను.

ఆ కోచ్‌కి నేను పెట్టుకున్న పేరు ఈలాయన. మైదానంలో ఆయన ఈల మోగితే కొండల్లాంటి కుర్రాళ్ళు పరుగులు తీసేవాళ్ళు. లాండ్రీ గదిలో మాత్రం రాజ్యం నాది. డబ్బా మీద బొమ్మలో చూపించినంత సబ్బుపొడి వేస్తే కంపెనీవాడు బాగుపడతాడని సగమే వేసేదాన్ని. బట్టలారబెట్టే మెషిను గంటలకొద్దీ కరెంటు తాగుతుంటే చూడలేక దాన్ని ఆపేసి, వెచ్చగా ఉండే కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి తాడు కట్టి జెర్సీలు ఆరేశాను. (పాఠాలు చెప్పే మాస్టార్లు వాటి కింద నుంచి వంగి వెళ్ళాల్సి వచ్చేది. వంగితే నడుముకి మంచిదే.) చిరిగిన జెర్సీలు పారేయబోతుంటే లాక్కుని, నా ఆకుపచ్చ జాకెట్టు గుడ్డతో మాసికలు వేశాను. విప్పిన మేజోళ్ళు ఉండలు చుట్టి విసిరేసేవాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టి, “తిరగేసి, సాఫుగా తీసి పెట్టు, మీ అమ్మ నేర్పలేదూ” అనేదాన్ని. ఆ మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. అయినా వారం తిరిగేసరికి ప్రతి మేజోడూ సాఫుగా వచ్చి బుట్టలో పడేది. ఆ కుర్రాళ్ళు నన్ను ‘అమామా’ అనేవాళ్ళు. అది అమ్మమ్మకి వచ్చిన తిప్పలు.

ఆ కాలేజీ టీము అంతకుముందు ఎప్పుడూ పట్టికలో అడుగున ఉండేదట. పెద్ద కాలేజీలవాళ్ళు వీళ్ళతో మ్యాచ్ అంటే సెలవు తీసుకున్నట్టు వచ్చి, గెలిచి, పోయేవాళ్ళట. ఆ ఏడు మాత్రం ఏమైందో, మొదటి మ్యాచ్ గెలిచారు. రెండోదీ గెలిచారు. తన్నులబ్బాయి తన్నినవన్నీ మైదానం చివర పాతిన రెండు స్తంభాల మధ్య నుంచే పోయాయి. “ప్రాక్టీసు బాగైంది” అని అతను, “డిసిప్లిన్” అని ఈలాయన అన్నారు. శుభ్రమైన బట్ట కట్టుకుంటే మనిషి నడకే మారుతుందని నేనన్నాను. నా మాట ఎవరూ ఇంగ్లీషులోకి మార్చలేదు.

మంచు పడటం మొదలయ్యాక ఈలాయన రోజూ సాయంత్రం కాఫీ కప్పుతో లాండ్రీ గదికి వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. కాలేజీ మొత్తంలో వెచ్చని గది అదే మరి. తన్నులబ్బాయి మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేవాడు. అదే ఆయనకి ఆఖరి సీజన్ అని అలా తెలిసింది. ఆ తర్వాత రిటైర్‌మెంట్. వయసులో ఉన్నప్పుడు ఆయన వేరే కోచ్ దగ్గర అసిస్టెంటుగా చేశాడట. ఆ పెద్ద కోచ్ ఫైనల్ గెలిచిన రోజున కుర్రాళ్ళు వెనకనుంచి వచ్చి, ఆటగాళ్ళు తాగడానికి పెట్టిన నారింజ షర్బతు డ్రమ్ము ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించారట. ఇక్కడ అది ఆచారం. గెలిచిన కోచ్‌కి అలా ఐసు షర్బతుతో స్నానం చేయిస్తారు. అది చూసిన రోజు నుంచి ఈలాయన తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. ఎన్నో టీములు, ఎన్నో ఏళ్ళు. ప్రతి ఏటా ఆఖరి మ్యాచ్ రోజున డ్రమ్ము తనే నింపేవాడట. ప్రతి ఏటా ఓడిపోయాక, అందరూ వెళ్ళాక, కుళాయి తిప్పి ఆ షర్బతంతా తనే గడ్డిలోకి వదిలేసేవాడట.

“ఒక్కసారి గిక్కడ పడాలె అంటుండు అమ్మమ్మా” అన్నాడు తన్నులబ్బాయి. ఈలాయన తన బట్టతల మీద అరచెయ్యి వేసి చూపిస్తున్నాడు.

“ఈ చలిలోనా?”

“ఫైనల్ చలికాలంలనే ఉంటది మరి.”

“ఆయనకి పెళ్ళాం లేదా, వద్దని చెప్పడానికి?”

తన్నులబ్బాయి అడిగాడు. ఈలాయన నవ్వి, తలూపి, ఏదో చెప్పాడు. “ఉన్నదట. ఆమె గూడ ఎదురుచూస్తున్నదట.”

మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ మతి లేదని నేను అక్కడితో తీర్మానించాను. నాకు తడి అంటే పడదు. మా ఆయన ఒక తొలకరి వానలో తడిసి ఇంటికొచ్చి, తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తే, “ఏం కాదులేవే” అని దండెం మీద వేసేశాడు. ఆ వానలో పట్టిన దగ్గు ఏడాది పొడుగునా మా ఇంట్లో ఉండి, పోతూ పోతూ ఆయన్ని కూడా తీసుకుపోయింది. ఆ సంగతి నేను ఈలాయనకి చెప్పలేదు. చెప్పమని తన్నులబ్బాయితో అనలేదు. నా తిట్లు చేరవేయడానికే ఆ పిల్లాడు అవస్థ పడేవాడు, అలాంటి మాట ఎలా మోస్తాడు. కాబట్టి పైకి మాత్రం, “అంత షర్బతు నేలపాలు చేస్తారా, తాగే వస్తువు” అని ఊరుకున్నాను.

అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. సీజను ముందుకి పోతున్నకొద్దీ టీము గెలుస్తూనే ఉంది, నా ఆలోచనా సాగుతూనే ఉంది. పెద్దమనిషిని గౌరవించాలి, సరే. గౌరవించడానికి తడపడం ఎందుకు? మన పద్ధతి లేదూ? శాలువా కప్పుతాం. పొడిగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, మడతపెట్టి మళ్ళీ ఇంకొకరికి కప్పవచ్చు. శాలువాలకి మా ఇంట్లో కరువు లేదు. మా వియ్యంకుడుగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ఊళ్ళో ఏ సభ జరిగినా ఆయనకొక శాలువా కప్పేవాళ్ళు. అలా వచ్చినవాటిలో ఒక కట్ట, చలిదేశం కదా పనికొస్తాయని, పెట్టెలో పెట్టి పంపించారు. అందులో ముదురు ఎరుపు రంగుది, జరీ అంచుది, మళ్ళీ మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టేసినదాన్ని తీసి నా చేతిసంచిలో పెట్టుకున్నాను.

ఫైనల్ మా మైదానంలోనే జరిగింది. చలి ఎంతో నేను చెప్పలేను గానీ, మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వచ్చేది, ఆ పొగ కళ్ళద్దాల మీద గడ్డకట్టేది. చుట్టూ గట్ల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంటే, ఈలాయన దుకాణం నుంచి ఐసు కొనుక్కొచ్చి డ్రమ్ములో వేశాడు. నా కళ్ళతో చూశాను. నారింజ రంగు డ్రమ్ము, పైన తెల్ల మూత, కింద చిన్న కుళాయి. దాన్ని బెంచీ చివర ఉన్న బల్ల మీద తనే స్వయంగా పెట్టి, మూత మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు. నా పని తువ్వాళ్ళు అందించడం, నీళ్ళ సీసాలు నింపడం. నా పక్కన ఒక పెద్ద సంచీ ఉంది. ఆ సంచీలో, ఎప్పటెప్పటివో కడిగి దాచిపెట్టిన నాలుగు లీటర్ల పాల డబ్బాలు ఉన్నాయి. ఆ డబ్బాలు ఎందుకు తెచ్చానో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

ఆట సమంగా నడుస్తోందని జనం అరుపుల్ని బట్టి తెలుస్తోంది. ఆఖరి ఘడియల్లో అందరి చూపూ మైదానం మీదే ఉంది. నేను డ్రమ్ముకి అడ్డంగా స్టూలు వేసుకుని, వీపు జనానికి పెట్టి కూర్చుని, కుళాయి కింద పాల డబ్బా పెట్టాను. నా లెక్క స్పష్టంగా ఉంది. ఓడితే ఆ షర్బతు గడ్డిపాలు, గెలిస్తే ఆయన నెత్తిపాలు, ఎటు చూసినా దండగే. ఒక డబ్బా నిండింది, ఇంకొకటి పెట్టాను. చలికి కుళాయి సన్నగా వస్తుంటే డ్రమ్ముని కొంచెం వంచాను. మొత్తం ఖాళీ అయ్యాక మూత తీసి, ఐసు ముక్కలు కూడా దులిపేసి, మూత మళ్ళీ బుద్ధిగా పెట్టాను. సరిగ్గా అప్పుడు నన్ను చూసి పోదామని మా అమ్మాయి కంచె దగ్గరికి వచ్చింది.

“ఏంటమ్మా ఇవన్నీ?”

“షర్బతు. డిక్కీలో పెట్టు. ఇంటికి తీసుకెళ్ళు.”

“వాళ్ళు ఇచ్చారా?”

“ఎలాగూ పారబోసేదే.”

మనవరాలిని స్విమ్మింగ్ క్లాసు నుంచి తీసుకురావాలని తొందరలో ఉంది కాబట్టి మరేమీ అడగకుండా, అల్లుడి చేత డబ్బాలు మోయించుకుని వెళ్ళిపోయింది. కారు కదిలిన చప్పుడు విని నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. ఒక దుబారా ఆపాను, ఒక ముసలాయన ఊపిరితిత్తులు కాపాడాను, అనుకుని చేతులు దులుపుకున్నాను.

అప్పుడు తన్నులబ్బాయిని పిలిచారు. ఆట సమానంగా ఉంది, గడియారంలో ఇంకేమీ మిగల్లేదు. అతను తన్నాడు. బంతి స్తంభాల మధ్య నుంచి పోకుండా పక్కకి వాలిపోయింది. “అయ్యో నా తండ్రీ” అని నేను తలపట్టుకున్నాను. కానీ మావాళ్ళంతా గంతులేస్తున్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఈ దేశపు ఫుట్‌బాల్లో తన్నింది గురి తప్పినా సరే, బంతి అవతలి గీత దాటి బయటపడితే ఒక మార్కు ఇస్తారట. దాన్ని సింగిల్ అంటారట. అలా గురి తప్పి, ఆ తప్పిన ఒక్క మార్కుతో మేము ఛాంపియన్లమయ్యాం.

ఇద్దరు లావుపాటి కుర్రాళ్ళు ఎప్పటినుంచి కాచుకుని ఉన్నారో, పరుగున వచ్చి డ్రమ్ము ఎత్తారు. అది అంత తేలిగ్గా లేచేసరికి గెలిచిన ఊపులో తమకే బలం వచ్చిందనుకున్నారట. ఈలాయన వాళ్ళకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. కానీ ఆయనకి తెలిసింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. వెనక్కి తిరగలేదు. నెత్తిమీద టోపీ తీశాడు. మెడలో ఈల తీసి జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడు తలంటికి కూర్చున్నట్టు భుజాలు దగ్గరికి ముడుచుకున్నాడు. కుర్రాళ్ళు కేకేసి డ్రమ్ము బోర్లించారు. మూత ఊడి ఆయన భుజానికి తగిలి కింద పడింది. దాని వెనకే ఒక్క ఐసు ముక్క.

అంతే. కుర్రాళ్ళలో ఒకడు డ్రమ్ములోకి తల పెట్టి చూశాడు. ఈలాయన ఇంకా కళ్ళు తెరవలేదు. ఆలస్యంగానైనా పడుతుందేమోనని అలాగే నిలబడి ఉన్నాడు.

నా వంతు వచ్చిందనుకున్నాను. సంచిలోంచి శాలువా తీసి, ప్లాస్టిక్ కవరు చింపి (అది మడిచి జేబులో పెట్టుకుని), చీర కుచ్చిళ్ళు మంచులో తడవకుండా పైకి పట్టుకుని, మైదానంలోకి నడిచి, ఆయన భుజాల చుట్టూ శాలువా కప్పి నమస్కారం పెట్టాను. చీరమీద చలికోటు, కాళ్ళకి మనవరాలి పాత బూట్లు, ముఖాన గొప్ప సభలో అధ్యక్షురాలి గాంభీర్యం. ఈలాయన కళ్ళు తెరిచి నన్ను, శాలువాని, ఖాళీ డ్రమ్ముని చూశాడు. తన్నులబ్బాయి రొప్పుతూ వచ్చాడు.

“అమ్మమ్మా, అందులది యాడికి పోయింది?”

“ఇంటికి వెళ్ళిపోయింది.”

“ఇంటికా?”

“ఆయనకి చలి చేస్తుందని తీశానని చెప్పు. పెద్దవాళ్ళని మేము ఇలా గౌరవిస్తామని చెప్పు. జరీ అంచని కూడా చెప్పు.”

అతను చెప్పాడు. జరీ సంగతి చెప్పాడో లేదో తెలియదు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ముందు మెల్లగా, తర్వాత పడీపడీ నవ్వారు. ఈలాయన నవ్వడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని నేనప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఆయన కూడా నవ్వి, శాలువా సర్దుకుని, ఏదో అన్నాడు. కుర్రాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

“ఏమన్నాడు నాయనా?”

“తప్పినా బంతి అవతల పడితే ఒక మార్కు ఇస్తరు గదా అమ్మమ్మా. ఇది గూడ గట్లనేనట. నీకు ఒక మార్కు ఏసిండు.”

నాకు మార్కు వచ్చింది. బడి మానేశాక మళ్ళీ మార్కు రావడం అదే. ఉబ్బిపోయి నలుగురికీ చెప్పుకోవాలని అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను.

జనం పల్చబడ్డాక తడి తువ్వాళ్ళు పోగుచేసుకుని లోపలికి వెళ్తుంటే గేటు దగ్గర ఈలాయన భార్య కనిపించింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు. కాళ్ళ దగ్గర ఒక సంచీ పెట్టుకుని నిలబడి ఉంది. సంచీ జిప్పు తెరిచే ఉంది. పైన మడతపెట్టిన పెద్ద తువ్వాలు, దాని కింద ఉన్ని స్వెట్టరు, పొడి మేజోళ్ళు, ఒక పక్కగా నిలువుగా పెట్టిన ఫ్లాస్కు. అన్నీ ఎంత పొందికగా సర్దిందో. నేను బట్టలు మడతపెట్టే మనిషిని, ఆ మడతలు చూస్తేనే తెలుస్తుంది. తువ్వాలు కొత్తది కాదు, వాడిందీ కాదు. మడతల దగ్గర మాత్రం అరిగి ఉంది. అంటే ఏటేటా ఆఖరి మ్యాచ్‌కి అది సంచీలో వస్తోంది, ఏటేటా మడత విప్పకుండా ఇంటికి పోతోంది. ఆయనకి చలి చేస్తుందని ఆలోచించినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆయన వచ్చాక ఆమె శాలువా అంచు పట్టుకుని చూసి మెచ్చుకోలుగా నవ్వి, దాన్ని ఆయన మెడ చుట్టూ ఇంకాస్త దగ్గరగా చుట్టింది. వంగి సంచీ జిప్పు వేసింది. నాకు చెయ్యి ఊపి ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం జెర్సీలు ఉతికి, తాడు మీద ఆరేశాను. కుర్రాళ్ళు ఉండలు చుట్టి విసిరిన మేజోళ్ళని నేనే సాఫు చేశాను.

ఇంటికెళ్ళేసరికి డబ్బాలన్నీ వంటింటి గట్టు మీద వరసగా ఉన్నాయి. అల్లుడు మర్యాదకి ఒక గ్లాసు తాగాడు. మనవరాలు వాసన చూసి, “అమ్మమ్మా, ఇట్స్ జస్ట్ ఆరెంజ్ సాల్ట్ వాటర్” అని మూతి తిప్పుకుని పోయింది. పారబోయడానికి నాకు చేతులు రాలేదు. అంత పని చేసి దాచినదాన్ని పారబోస్తే ఇంకేం మిగిలింది. కాబట్టి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, చలికాలమంతా నేనే తాగాను. అది తీపీ కాదు, ఉప్పూ కాదు. ఇప్పటికీ ఆ రంగు సీసా దుకాణంలో కనిపిస్తే నా నాలుక ముడుచుకుంటుంది.

ఆ మరుసటేడు ఖర్చు భరించలేమని కాలేజీవాళ్ళు టీము ఎత్తేశారు. ఈలాయన లేడు, ఆట లేదు, ఉతకడానికి బట్టలూ లేవు. సామానంతా ఎవరెవరో తీసుకుపోతుంటే డ్రమ్ము ఒక్కటే మిగిలింది. మంచి డ్రమ్ము, పారేస్తారని నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఈలాయన దంపతులు వాన ఎక్కువ పడే సముద్రపు ఊరికి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ప్రతి చలికాలం ఆయన ఫోటో ఒకటి తన్నులబ్బాయి ఫోనుకి వస్తుంది, అక్కడి నుంచి నాకు వస్తుంది. ప్రతి ఫోటోలోనూ ఎర్ర శాలువా కప్పుకునే ఉంటాడు. (వియ్యంకుడుగారికి చూపిస్తే, తనకి ఎవరు ఎప్పుడు కప్పిన శాలువానో గుర్తుపట్టాలని ఫోను దగ్గరగా, దూరంగా పెట్టి చాలాసేపు చూశారు.) తన్నులబ్బాయి ఇప్పుడు వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్ళయింది, ఆదివారాలు ఫోను చేస్తాడు. మొన్న ఈమధ్య చేశాడు.

“అమ్మమ్మా, కోచ్ ఫోటో చూసినవా?”

“చూశాను. కిటికీ లోపల కూర్చున్నాడేం, బయట వాన పడుతుంటే?”

“ఛాతీ వీక్ అయిందట. వానల బయటికి పోనిస్తలేరట ఇప్పుడు.”

“నేను ముందే అనలేదూ, తడవకూడదని.”

ఆ కుర్రాడు నా తిట్లన్నీ ఇంగ్లీషులో మెత్తబరిచి చెప్పినవాడు. ఈ మాట కూడా మెత్తబరచాలనే చూశాడు.

“గప్పుడు బాగనే ఉండె గదా అమ్మమ్మా” అన్నాడు.

గప్పుడు బాగానే ఉండె. అదే మాట. అప్పుడు ఒక్క డ్రమ్ము షర్బతుని తట్టుకునే ఛాతీ ఉంది, తుడవడానికి తువ్వాలుంది, పక్కన మనిషి ఉంది. వానలో తడిసి వచ్చి “ఏం కాదులేవే” అన్న మనిషి వేరు, కళ్ళు మూసుకుని మైదానంలో నిలబడ్డ ఈయన వేరు. ఆ రోజు నేను ఇద్దరినీ కలిపేసి ఒకరికి పట్టాల్సిన తువ్వాలు ఇంకొకరికి పట్టాను.

మా పెరట్లో ఆ డ్రమ్ము ఇప్పుడు వాన నీళ్ళు పట్టడానికి పనికొస్తుంది. వేసవంతా దాని కుళాయి కింద చెంబు పట్టి టమాటా మొక్కలకి లెక్కగా పోస్తాను. కుళాయి కట్టకుండా పళ్ళు తోముకునే మనవరాలిని ఇప్పటికీ వదిలిపెట్టను. కానీ చలి ముదిరి, డ్రమ్ములో నీళ్ళు గడ్డకట్టేలోపు, ఫైనల్ జరిగే రోజులు రాగానే, ఒక మధ్యాహ్నం దాన్ని మోకాళ్ళు ఒప్పుకున్నంత ఎత్తు బల్ల మీదికి ఎక్కించి, అంచుదాకా నింపుతాను. రెండు చేతులా పట్టుకుని, ఒక్కసారిగా బోర్లిస్తాను. పోయిన వారం వంటింటి కిటికీలోంచి మా అమ్మాయి చూసింది.

“అమ్మా, ఏం చేస్తున్నావు?”

“మొక్కలకి నీళ్ళు.”

“మొక్కలేవమ్మా? అన్నీ మంచుకి పోయాయిగా.”

నీళ్ళు పడ్డ చోటికేసి చూశాను. ఎర్ర శాలువా చేతుల మీద పరుచుకుని, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మనవరాలి బూట్లతో మంచులో అడుగులు వేస్తూ, కళ్ళు మూసుకున్న ఒక పెద్దాయన వైపు ఎంతో నమ్మకంగా నడిచిపోతున్న ఆ అరవయ్యేళ్ళ కొత్త ఉద్యోగిని నాకు అక్కడ కనిపించింది. పిలిచి వెనక్కి రమ్మనాలనిపించింది. పిలిచినా వినే మనిషి కాదని తెలుసు కాబట్టి నవ్వుకుని, ఖాళీ డ్రమ్ము తిరగేసి పెట్టి లోపలికి వచ్చాను.